పక్కన పరిగెత్తినవాడు

కోటేష్‌ది పొదిలి పక్కన మెట్ట ఊరు. వాన పడితే పత్తి, పడకపోతే మబ్బుల వంక చూపులు. అలాంటి ఊళ్ళో పుట్టినవాడికి పరుగెలా అబ్బిందని ఎవరైనా అడిగితే, "అబ్బడమేముందండీ, ఊరికొచ్చేది ఒక్క బస్సు, అదీ ఆగేది కాదు" అని నవ్వేవాడు. నాలుగువందల మీటర్ల పరుగులో జిల్లా దాటాడు. రాష్ట్రం దాటబోయి గుమ్మంలో ఆగిపోయాడు. ఎక్కడికి వెళ్ళినా నాలుగోవాడే. ముగ్గురి మెడలో పతకాలు పడుతుంటే ముందుగా చప్పట్లు కొట్టేది తనే. అందులో ఏడుపేమీ లేదు, మనిషి తత్వమే అంత. పెళ్ళయ్యాక గుంటూరు వచ్చి, మిర్చి బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరుగా కుదిరాడు. అయినా పొద్దున్నే స్టేడియానికి వెళ్ళి నాలుగు రౌండ్లు కొట్టకపోతే ఒళ్ళు మాట వినేది కాదు.

అక్కడే కోచ్ ఆదాం ఒకరోజు అతన్ని కేకేసి పిలిచాడు.

"ఒరేయ్ కోటేషూ, నువ్వు ఎవరికోసం పరిగెత్తుతున్నావురా?"

"ఎవరికోసమేంటి సార్, ఊరికే."

"ఊరికే పరిగెత్తేవాడే కావాలి నాకు. ఇటు రా."

ఆదాం పక్కన సన్నగా, పొడుగ్గా ఒక అమ్మాయి నిలబడి ఉంది. పేరు తేజశ్రీ. ప్రత్తిపాడు దగ్గర మిర్చి పండించే యలమందయ్య కూతురు. ఎనిమిదేళ్ళప్పుడు జబ్బు చేసి రెండు కళ్ళూ పూర్తిగా పోయాయి. అంధుల బడిలో చదువుకుని, అప్పుడే డిగ్రీలో చేరింది. చూపులేనివాళ్ళ పరుగుపందెంలో పక్కన చూపున్న మనిషి ఒకరు పరిగెత్తాలి. ఇద్దరి చేతులకీ మధ్య జానెడు తాడు. ఆ మనిషి లాగకూడదు, తొయ్యకూడదు, గీత దాటేటప్పుడు ఆమెకంటే ముందుండకూడదు. నోటితో దారి చెప్పొచ్చు, అంతే. కళ్ళు అతనివి, పందెం ఆమెది.

మొదటిరోజు కోటేష్ ఆ పిల్ల ఎక్కడ పడిపోతుందోనని గుడ్డు మీద అడుగేసినట్టు పరిగెత్తాడు. సగం రౌండు కాకముందే తేజశ్రీ నోరు విప్పింది.

"అన్నా, మనం పరిగెత్తుతున్నామా, పేరంటానికి వెళ్తున్నామా?"

ఆదాం పగలబడి నవ్వాడు. కోటేష్‌కి రోషం వచ్చి కాళ్ళకి పనిచెప్పాడు. ఆ పిల్ల తగ్గలేదు. గాలి చెవుల్లో హోరుమంటుంటే, ఏమీ కనపడని శూన్యంలోకి, తలుపు తోసుకుని సొంతింట్లోకి వెళ్ళినంత ధీమాగా దూసుకుపోయింది.

అందరూ వెళ్ళాక కోటేష్ ఖాళీ గ్రౌండు మధ్యలో నిలబడి తనూ కళ్ళు మూసుకుని పరిగెత్తి చూశాడు. ఎదురుగా గోడ లేదు, రాయి లేదు, అది అతనికి తెలుసు. అయినా నాలుగడుగులు పడకముందే చేతులు వాటంతట అవే మొహానికి అడ్డం వచ్చాయి, కాళ్ళు మొరాయించాయి. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ అంతే. కళ్ళు తెరిచి, ఆ అమ్మాయి పరిగెత్తిన ఎర్రటి ట్రాక్ వైపు చూస్తూ చాలాసేపు నిలబడిపోయాడు. ఆ రోజునుంచి కోటేష్ తనకోసం పరిగెత్తడం మానేశాడు.

జోడీ కుదరడానికి ఏడాది పట్టింది. కాడి కట్టిన ఎడ్లకైనా మెడమీద కొయ్య ఉంటుంది, వీళ్ళకి జానెడు తాడే. అతని ఎడమకాలూ ఆమె కుడికాలూ ఒక్కసారే లేవాలి, ఒక్కసారే పడాలి. పొడుగు కాళ్ళవాడు అంగ తగ్గించుకున్నాడు, ఆమె కొంచెం పెంచుకుంది. "కర్వ్" అంటే వంపు వస్తోందని, "స్ట్రెయిట్" అంటే తిన్నని దారని. క్రమంగా మాటలతో పని తగ్గింది. ఆ రెండో ఏడు రాష్ట్రంలో వాళ్ళకి ఎదురులేకుండా పోయింది. మూడో ఏడు జాతీయ పోటీల ఫైనల్లో నిలబడ్డారు.

రెండో వంపు తిరిగేదాకా వాళ్ళే ముందున్నారు. వంపు చివర్లో ఇద్దరి కాళ్ళూ తగులుకున్నాయి. ఎవరి కాలు ఎవరిని తాకిందో ఎవరికీ తెలియదు. ఆ వేగంలో తెలిసే వీలూ లేదు. తేజశ్రీ బోర్లా పడింది. ఎముక విరిగిన చప్పుడు కోటేష్ చెవినపడింది. భుజం దగ్గర ఎముక అతుక్కోవడానికి నెలలు పట్టింది.

అతుక్కున్నాక మళ్ళీ ట్రాక్ మీదకొచ్చింది. కాళ్ళలో బలం వచ్చింది, ఊపిరి కుదిరింది, డాక్టరు సరేనన్నాడు. కానీ పాత వేగం రాలేదు. మొదటి వంపుదాకా బాగానే ఉండేది. రెండో వంపు దగ్గరికొచ్చేసరికి ఏదో పట్టి వెనక్కి లాగినట్టు తగ్గిపోయేది. ఆదాం స్టాప్‌వాచ్ చూసుకుని తల పట్టుకునేవాడు.

"అమ్మాయికి భయం పట్టుకుందిరా. పట్టుకోదా మరి? పాపం."

కోటేష్ తలాడించేవాడు. తనూ అదే అనుకున్నాడు.

అప్పుడు ఆదాం తీసుకొచ్చిన మనిషి రాగసుధ. గుంటూరులోనే పుట్టి పెరిగింది. తండ్రి సంస్కృతం మాస్టారు. సైకాలజీ చదివి, ఆటగాళ్ళ మనసుల మీద పనిచెయ్యడం ప్రత్యేకంగా నేర్చుకుని వచ్చింది. షూటర్లు, వెయిట్‌లిఫ్టర్లు ఆవిడ దగ్గరికి వెళ్ళేవారు. ఈ సంగతి విని యలమందయ్య పొలం పని వదిలేసి గుంటూరు పరిగెత్తుకొచ్చాడు.

"మా పిల్లకి పిచ్చేమీ లేదు గదమ్మా?"

"అయ్యో, లేదు బాబాయ్ గారూ. ఒంటికి ఆదాం గారున్నారు కదా, అలాగే మనసుకి నేను. పిచ్చికి కాదు, పందేనికి."

"అయితే ఆ భయం తీసెయ్యండి మేడమ్," అన్నాడు ఆదాం.

"ముల్లయితే తీసేసేదాన్నే సార్," అంది రాగసుధ. "ముందు అదెక్కడుందో చూడనివ్వండి."

ఆవిడ వారంపాటు ఏమీ చెయ్యలేదు. గ్రౌండు మెట్ల మీద కూర్చుని చూసేది. తేజశ్రీతో కాలేజీ కబుర్లు, సినిమా కబుర్లు చెప్పేది. దీనికి ఇంత చదువెందుకో కోటేష్‌కి అర్థం కాలేదు. ఒకరోజు తేజశ్రీని బెంచీ మీద కూర్చోబెట్టి, చేతిలో స్టాప్‌వాచ్ పెట్టింది.

"తేజా, నువ్వు గీత దగ్గర బ్లాక్స్‌కి కాళ్ళు తన్నిపెట్టి ఉన్నావు. తుపాకీ పేలగానే బటన్ నొక్కు. మనసులో రౌండు మొత్తం పరిగెత్తు. గీత దాటగానే మళ్ళీ నొక్కు. ఏ అడుగూ ఎగ్గొట్టకు."

తేజశ్రీ వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. బటన్ నొక్కింది. కాసేపటికి ఆ పిల్ల ఊపిరి మారింది. మెడ పక్కన నరం కొట్టుకుంది. తొడలమీద వేళ్ళు కదిలాయి, మడమలు చిన్నగా అదిరాయి. కూర్చున్నచోటే కూర్చుని ఉంది, కానీ అక్కడ లేదు. నుదుట చెమట పట్టింది. కోటేష్ చూస్తుండిపోయాడు. పక్కన మనిషి ఆ బెంచీ మీదనుంచి ఎక్కడికో వెళ్ళి పరిగెత్తి వస్తున్నట్టే ఉంది. బటన్ మళ్ళీ నొక్కింది.

ఆదాం వాచీ తీసుకుని చూశాడు. మళ్ళీ చూశాడు. కోటేష్‌కి అందించాడు. పడకముందు, మంచి ఊపులో ఉన్న రోజుల్లో తేజశ్రీ తెచ్చిన టైము అది. సెకనులో చిన్న ముక్క తేడా.

"వంపు దగ్గర తగ్గావా?" అడిగింది రాగసుధ.

"లేదు మేడమ్. ఎందుకు తగ్గుతాను?"

రాగసుధ కోటేష్ వైపు తిరిగింది. "కోటేష్ గారూ, మీరూ ఒకసారి కూర్చోండి."

"నేనా? నాకెందుకు మేడమ్, పక్కనుండేవాణ్ణి."

"పక్కనుండేవాళ్ళు కూడా పరిగెత్తుతారు కదా."

కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. తుపాకీ పేలింది, మొదటి వంపు వెళ్ళింది, అవతలి వైపు తిన్నని దారి వెళ్ళింది. రెండో వంపు వచ్చింది. తర్వాత ఏమీ లేదు. ఎంత తోసినా మనసు అక్కడే నిలబడింది. ఆ ఎముక చప్పుడే మళ్ళీ మళ్ళీ వినిపించింది. కళ్ళు తెరిచేసరికి వాచీ తిరుగుతూనే ఉంది. బటన్ నొక్కడం కూడా మర్చిపోయాడు.

రాగసుధ లేచింది. తాడు అడిగి తీసుకుంది. తన చేతికి తగిలించుకుని, కళ్ళకి గంతలు కట్టుకుని, "నన్ను ఒక రౌండు తిప్పండి. మెల్లగానే. మాట్లాడకండి" అంది. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని జాగింగ్ చేసింది. ఇద్దరూ తిరిగి వచ్చాక గంతలు విప్పింది. చెంపలు ఎర్రబడ్డాయి, కళ్ళు మెరుస్తున్నాయి.

"ఇంత మాట్లాడుతుందా ఈ తాడు!" అంది. తర్వాత నెమ్మదిగా, "రెండో వంపుకి ఇంకా చాలా దూరం ఉండగానే మీ పిడికిలి బిగిసింది. మోచెయ్యి ఒంటికి అంటుకుంది. నా కాళ్ళు వాటంతట అవే ఆగబోయాయి. మీకు తెలిసిందా?" అంది.

"లేదు మేడమ్. నేనేమీ చెయ్యలేదు."

"తెలిసి చేశారని కాదు. తేజా, నువ్వు చెప్పు. నీకు తెలుసా?"

తేజశ్రీ తల వంచుకుంది. "తెలుసు మేడమ్."

"ఎప్పట్నుంచి?"

"తిరిగొచ్చిన మొదటిరోజు నుంచి."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే అన్నని మార్చేస్తారు."

నెలల తరబడి ఊరంతా ఈ పిల్లకి భయం పట్టుకుందంటుంటే, ఆ మాట మోసింది. కోచ్ జాలిపడితే ఊరుకుంది. తండ్రి దిగులుపడితే ఊరుకుంది. భయం ఎవరిదో తెలిసి, దాన్ని తన పేరు మీద రాసుకుని, రోజూ పొద్దున్నే వచ్చి ఆ బిగిసే చేతికే తన చెయ్యి అప్పగించింది. చూపున్నవాళ్ళు ముగ్గురు అక్కడ నిలబడి ఉన్నారు.

మర్నాడు కోటేష్ ఆదాం దగ్గరికి వెళ్ళి, "నన్ను తీసెయ్యండి సార్. ఇంకోణ్ణి పెట్టుకోండి" అన్నాడు.

"తంతాను," అన్నాడు ఆదాం. "ఆ పిల్ల నీకోసం అన్నాళ్ళు మాటపడితే, నువ్వు ఒక్కరోజు సిగ్గుపడలేవురా? పో, మేడమ్ దగ్గరికి పో."

అలా పొదిలి కోటేష్ వారానికి రెండుసార్లు ఒక మనసు డాక్టరమ్మ ముందు కూర్చోవడం మొదలైంది. మొదట్లో మాట పెగిలేది కాదు. ఆవిడ ఆ రోజు జరిగింది చెప్పమనేది. ఇతను చెప్పేవాడు. బ్లాక్స్, మొదటి వంపు, రెండో వంపు, పడటం.

"తర్వాత?"

"తర్వాతేముంది మేడమ్, ఆస్పత్రి."

ప్రతిసారీ అంతే. రెండో వంపు, తర్వాత ఆస్పత్రి. ఒకనాడు రాగసుధ వేరేలా అడిగింది.

"స్ట్రెచర్ ఏ వైపు నుంచి వచ్చింది?"

కోటేష్ కళ్ళు మూసుకున్నాడు. "ఫినిష్ వైపు నుంచి. ఇద్దరు పట్టుకొచ్చారు."

"ఎక్కించారా?"

"ఎక్కిం..." అని ఆగిపోయాడు. కనుబొమలు ముడిపడ్డాయి. "లేదు. ఎక్కలేదు. తేజ వద్దంది."

"వద్దని?"

"లేచి కూర్చుంది. మోకాళ్ళనిండా రక్తం. ఎడమచెయ్యి వేలాడుతోంది. కుడిచేతికి తాడు అలాగే ఉంది, వదల్లేదు. 'అన్నా, ఇంకా ఎంత దూరం ఉంది?' అంది. నేను ఏడుస్తున్నా. 'చెప్పన్నా, ఎంత దూరం?' అని మళ్ళీ అడిగింది. చెప్పా. 'అయితే పద' అంది." కోటేష్ మొహం తుడుచుకున్నాడు. "నడిచాం మేడమ్. గీతదాకా నడిచాం. పందెం ఎప్పుడో అయిపోయింది. అవతలివాళ్ళు బూట్లు కూడా విప్పేశారు. గ్యాలరీలో జనం లేచి నిలబడ్డారు. గీత దాటాక, దాటామా అని నన్నడిగి అప్పుడు కూలబడింది. అప్పుడు ఎక్కించారు."

రాగసుధ కళ్ళు తుడుచుకోవడానికి కళ్ళజోడు తీసింది. "ఇది ఇన్నాళ్ళూ ఎక్కడ పెట్టారు కోటేష్ గారూ?"

"తెలియదు మేడమ్. ఆ మాటే గుర్తులేదు. ఆ చప్పుడు దగ్గరే నేను ఆగిపోయాను. ఆ పిల్ల ఆగలేదు."

అతను ఆ రోజు స్కూటర్ ఎక్కకుండా తోసుకుంటూ ఇంటికి వెళ్ళాడు. ప్రాణం పోయేంత నొప్పిలో ఎంత దూరం ఉందని అడిగిన మనిషి పక్కనే తను మూడేళ్ళుగా పరిగెత్తుతున్నాడన్న సంగతి అతనికి దారంతా కొత్తగా అనిపిస్తూనే ఉంది.

ఆ తర్వాత జరిగింది మంత్రం కాదు, సాధన. భయం రాకుండా చెయ్యడం తనవల్ల కాదని రాగసుధ ముందే చెప్పేసింది. "వస్తుంది. రానివ్వండి. దానికి మీ చెయ్యి మాత్రం ఇవ్వకండి" అంది. వంపు ముందర ఊపిరి పొడుగ్గా వదలడం, బొటనవేలు సడలించడం, చూపు తేజశ్రీ పాదాల మీద కాకుండా వంపు అవతల గీత మీద నిలపడం, ఇవి ఒకటొకటిగా నేర్పింది. పడిన పరుగుని మనసులో మొదలుపెట్టి, పడినచోట ఆపకుండా, గీతదాకా నడిచి ముగించమంది. తర్వాత పడని పరుగుని. కోటేష్ కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాల మధ్య ఆ చలిలో నిలబడి కూడా చేసేవాడు. ఇంట్లో మంచం మీద కూర్చుని కళ్ళు మూసుకుని చెయ్యి ఊపుతుంటే భార్య శివపార్వతి గుమ్మంలో నిలబడి చూసేది.

"ఏమయ్యా, ఈగల్ని తోలుతున్నావా?"

"పరిగెత్తుతున్నానే."

"మంచం మీదా? మంచిదే, వచ్చేటప్పుడు పాలపాకెట్టు పట్టుకురా."

వేసవి మొదట్లో తేజశ్రీ తన ఊరికి రమ్మంది. ఇది రాగసుధ ఆలోచనే. మిర్చి కోతలైపోయి కళ్ళం నిండా ఆరబోసి ఉంది. ఎటు చూసినా నేల కనపడని ఎరుపు, గాలి పీలిస్తే ముక్కు మండే ఘాటు. ఆ ఎర్రటి మడుల మధ్య మనిషి నడిచేంత దారులు వదిలి ఉన్నాయి. చూపు పోకముందు నుంచీ తేజశ్రీ ఆడుకున్న కళ్ళం అది. ఏటా దారులు అక్కడే వదులుతాడు యలమందయ్య, కూతురి కోసం.

తేజశ్రీ కోటేష్ కళ్ళకి గంతలు కట్టింది. తాడు ఒక కొస తన చేతికి, రెండో కొస అతని చేతికి తగిలించింది.

"కాయ తొక్కితే నాన్న ఊరుకోడు అన్నా, చూసుకో."

"కళ్ళు కట్టి చూసుకోమంటావేంటే!"

నడిచారు. మొదట కోటేష్ కాళ్ళు నేల వెతుక్కున్నాయి. తర్వాత విచిత్రం జరిగింది. తాడులోంచి కబురు రావడం మొదలైంది. మలుపు తిరగబోతోందని తిరగకముందే తెలిసింది. ఆమె తల పక్కకి తిప్పితే తెలిసింది. ఆమె నవ్వు ఆపుకుంటోందని కూడా ఆ జానెడు తాడే చెప్పింది. ఇన్నేళ్ళూ తన చెయ్యి ఆమెతో ఎన్నెన్ని చెప్పి ఉంటుందో, తనకి తెలియని తన సంగతులు ఆమెకి ఎన్ని తెలిసి ఉంటాయో అనుకున్నాడు. అంతలో తాడు వేగంగా ముందుకు పోయింది.

"ఒసేయ్, పరిగెత్తుతున్నావా?"

"నువ్వూ రా అన్నా!"

పరిగెత్తాడు. ఆ చీకట్లో, ఆ ఘాటులో, తుమ్ముతూ, కేకలు పెడుతూ కళ్ళం ఈ కొసనుంచి ఆ కొసకి పరిగెత్తాడు. ఈసారి చేతులు మొహానికి అడ్డం రాలేదు. కాయలు ఏరుతున్న కూలీలు చేతులాపి నవ్వారు. యలమందయ్య కండువా మూతికి అడ్డం పెట్టుకుని, "చాల్లే అమ్మా, మనిషిని చంపేట్టున్నావు!" అని అరిచాడు. గంతలు విప్పాక కోటేష్ కళ్ళలో నీళ్ళున్నాయి. మిర్చి ఘాటు అన్నాడు. ఎవరూ కాదనలేదు.

ఆ ఏడు చివర జాతీయ పోటీల్లో మళ్ళీ అదే ఫైనల్. బ్లాక్స్‌లో తేజశ్రీ వేళ్ళు గీత మీద పెట్టి కోటేష్ సరిచేశాడు. తుపాకీ పేలింది. మొదటి వంపు, తిన్నని దారి. రెండో వంపుకి దూరం ఉండగానే భయం వచ్చింది. సరిగ్గా తన వేళకి, తెలిసిన చుట్టంలా వచ్చింది. కోటేష్ దాన్ని చూశాడు. ఊపిరి పొడుగ్గా వదిలాడు. బొటనవేలు సడలింది. చూపు వంపు అవతలి గీతకి కట్టేశాడు. "కర్వ్" అన్నాడు, అంతే.

తాడు వదులుగా, తేలిగ్గా ఊగింది. ఆ కబురు అందుకున్న తేజశ్రీ ఏం చేసిందో కోటేష్ తర్వాత ఎంతమందికి చెప్పినా సరిగ్గా చెప్పలేకపోయాడు. వంపులోనే వేగం పెంచింది. తలుపు తెరుచుకునేదాకా ఇన్నాళ్ళూ గుమ్మంలో నిలబడ్డట్టు, ఒక్కసారిగా బయటికి దూకింది. అతని కాళ్ళకి ఆమెని అందుకోవడం కష్టమైంది. "స్ట్రెయిట్!" అని అరిచి, ఉన్న ఊపిరంతా పెట్టి పక్కన నిలిచాడు. గీత దాటారు. వెండి పతకం. ఆమె జీవితంలో అంత తక్కువ టైము ఎప్పుడూ తేలేదు. నాలుగోవాడి మెడలో కూడా ఆ రోజు పతకం పడింది. పందెంలో దారిచూపినవాడికీ ఒకటిస్తారు.

అందరూ అక్కడితో కథ అయిపోయిందనుకున్నారు. కోటేష్‌కి మాత్రం ఆ చివరి వంద మీటర్లు మనసులోంచి పోలేదు. గుంటూరు తిరిగొచ్చాక రోజూ గమనించాడు. పిడికిలి బిగియడం లేదు, భయం వచ్చిపోతోంది. కానీ తాడు ఇప్పుడు ముందువైపుకి బిగుస్తోంది. ఆమె వేగం పెరుగుతోంది. ముప్పై అయిదు దగ్గరపడిన తన కాళ్ళు పెరగవు. దారిచూపేవాడు పరుగులో ఆమెకంటే ఒక పిసరు మిగులుండాలి. తనకి మిగలట్లేదు.

కోటేష్ మళ్ళీ ఆదాం దగ్గరికి వెళ్ళాడు.

"సార్, ఆ పిల్ల నన్ను దాటిపోయింది. కుర్రాణ్ణి చూడండి."

ఆదాం అతని మొహంలోకి చూశాడు. తిట్టలేదు. భుజం మీద చెయ్యి వేశాడు.

తేజశ్రీ తిట్టింది. "నేనేమన్నా అడిగానా నిన్ను? టైము ఎవరిక్కావాలి?" అని అరిచి, మూడు రోజులు గ్రౌండుకే రాలేదు. రాగసుధ వాళ్ళిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టింది.

"తేజా, ఇంతకుముందు అన్నని మారుస్తారేమోనని నిజం దాచావు. ఇప్పుడు అన్న నిజం చెప్పాడు. ఏది కష్టమో నువ్వే చెప్పు."

తేజశ్రీ చెయ్యి చాచి వెతికి కోటేష్ మణికట్టు పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

"కొత్తవాడికి నువ్వే నేర్పాలి," అంది చివరికి. "వాడు పేరంటానికి తీసుకెళ్ళినట్టు తీసుకెళ్తే నేనూరుకోను."

కొత్తవాడు కరీముల్లా. పొన్నూరు నుంచి వచ్చిన కుర్రాడు, కాళ్ళు స్ప్రింగుల్లా ఉంటాయి. కోటేష్ అతనికి పరుగు నేర్పలేదు, అది అతనికి వచ్చు. చెయ్యి తేలిగ్గా ఉంచడం నేర్పాడు. భయం వేస్తే దాచకుండా ఆ పూటే తేజశ్రీకి చెప్పెయ్యమన్నాడు. "నువ్వు చెప్పకపోయినా తెలుస్తుందిరా తనకి. చెప్తే మోసే బరువు తగ్గుతుంది" అన్నాడు. ఆర్నెల్లపాటు ట్రాక్ పక్కన నిలబడి, కరీముల్లా చేతి మీద, ఆ తాడు మీద తప్ప ఇంకెక్కడా చూపు నిలపలేదు. రాగసుధ మిగతా జోడీలకి కూడా అతన్ని పిలవడం మొదలుపెట్టింది. దారిచూపేవాళ్ళ మనసు గురించి అంతకుముందు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కోల్డ్ స్టోరేజీ పని అయ్యాక సాయంత్రాలు అతను అదే పనిలో ఉండేవాడు.

మరుసటి ఏడు జాతీయ పోటీల ఫైనల్‌కి కోటేష్ టిక్కెట్టు కొనుక్కుని గ్యాలరీలో కూర్చున్నాడు. ఒక పక్క యలమందయ్య, మరో పక్క రాగసుధ. తుపాకీ పేలింది.

మొదటి వంపులోంచి తేజశ్రీ బయటికి రాగానే కోటేష్ లేచి నిలబడ్డాడు. గడ్డం కొంచెం పైకెత్తి ఉంది, దూరంగా ఏదో పాట వింటున్నట్టు తల ఒక పక్కకి వాలి ఉంది. మొహంలో ఎక్కడా బిగువు లేదు. మోకాళ్ళు లేస్తున్న తీరులో, భుజాలు ఊగుతున్న తీరులో శ్రమే కనపడలేదు. నేల తనంతట తాను వెనక్కి జరుగుతోంది, ఆమె ఊరికే దాని మీద తేలుతోంది. పక్కన కరీముల్లా నీడలా ఉన్నాడు.

"ఇలా పరిగెత్తుతుందా!" అన్నాడు కోటేష్, ఎవరితోనూ కాకుండా.

రాగసుధ ఆశ్చర్యంగా తలెత్తింది. "మీరెప్పుడూ చూడలేదా?"

"ఎక్కడ చూస్తానండీ. పక్కనే ఉన్నాగా."

రెండో వంపులో ఆమె మిగతావాళ్ళని వదిలేసింది. వాళ్ళు ఆగారా అన్నంత దూరం వచ్చేసింది. యలమందయ్య కండువా గాల్లోకి విసిరి ఏదో అరుస్తున్నాడు. గీత దాటింది, అందరికంటే ముందు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఒగురుస్తూ కరీముల్లాని ఏదో అడిగింది, వాడు తల వెనక్కి వేసి నవ్వాడు. జనం చప్పట్లు కొట్టి, అలసిపోయి కూర్చున్నారు. తర్వాతి పందేనికి పేర్లు చదువుతున్నారు. కోటేష్ చప్పట్లు కొట్టడం కూడా మర్చిపోయి, రెండు చేతులూ రెయిలింగ్ మీద పెట్టి, ఖాళీ అయిన ఆ ట్రాక్ వైపే చూస్తూ నిలబడి ఉన్నాడు.

"కూర్చోవయ్యా సామీ, వెనకున్నోళ్ళకి కనపడొద్దా!" అని ఎవరో అరిచారు.

అతనికి వినపడలేదు.